దర్వాజా ఎక్కడ పెట్టాలి?

జూన్ నెలలో హైదరాబాద్ పాతబస్తీలో లాల్‌దర్వాజా మోడ్ చుట్టుపక్కల జిరాక్స్ దుకాణాల్లో కాలు పెట్టడానికి చోటుండదు. పది పాసైన పిల్లలు, ఇంటర్ పాసైన పిల్లలు, వాళ్ల వెంట తల్లులు. చేతుల్లో ప్లాస్టిక్ కవర్లు, కవర్లలో ఆధార్ కార్డులు, మార్కుల మెమోలు. అలాంటి ఒక రోజు ఏదో ప్రింటు తీయించుకుందామని వెళ్లి అరగంట వరుసలో ఇరుక్కున్నాను. నా ముందున్నావిడ కౌంటర్ మీదికి వంగి అడిగింది:

"తమ్మీ, మా పోరనికి కాలేజీల కాయిదాలు తెమ్మన్నరు. ఏం కాయిదాలో సరిగ చెప్పలే."

కౌంటర్ అబ్బాయి తలెత్తలేదు. "ఫీజుకా అక్కా, సీటుకా?"

"ఫీజుకే."

"క్యాస్ట్ సర్టిఫికెట్ పాతదుందా?"

"ఉన్నది."

"అది నడుస్తది. ఇన్‌కం మాత్రం కొత్తది తీయాలె. రేషన్ కార్డు, ఆధార్ ఇయ్యి."

రెండే ప్రశ్నలు. పని తేలిపోయింది. పక్కనే నిలబడ్డ కొడుకు మాత్రం మొహం మాడ్చుకుని ఉన్నాడు. వాడు ముందురోజు రాత్రి ఫోన్‌లో ఒక వెబ్‌సైటు తెరిచి చాలాసేపు వెతికాడట. లోపలికి పోతే శాఖల పేర్లు, శాఖలు నొక్కితే పథకాల పేర్లు, పథకాలు నొక్కితే జీవోలు. వాడి చేతిలో ఉన్నది "ఫీజు" అన్న ఒక్క మాట. ఆ మాట మాత్రం ఎక్కడా కనిపించలేదు. అది ఏ సైటో నేను అడగలేదు. మన దగ్గర పెద్ద సైట్లు చాలావాటికి వాలకం ఒకటే.

కౌంటర్ అబ్బాయి ఆ పూట చేసిన పనిని వెబ్‌సైటులో ఒక పేజీ చేయాలి. అది ఎలాంటి పేజీ అయి ఉండాలన్నదే ఇక్కడి విషయం. వేల పేజీలున్న సైటులో అసలు సమాచారం రాయడం ఒక ఎత్తు, దానిదాకా మనిషిని తీసుకుపోయే పేజీలు కట్టడం ఇంకొక ఎత్తు. ఈ రెండో రకం పేజీలకు రెండు పేర్లు వినిపిస్తాయి. మనిషి బయటినుంచి వచ్చి మొదట కాలు మోపే పేజీని ల్యాండింగ్ పేజీ అంటారు. ఒక విషయం మొత్తాన్ని ఒక చూపులో పరిచి, ఎటు పోవాలో చెప్పే పేజీని ఓవర్‌వ్యూ పేజీ అంటారు. చాలాసార్లు ఒకే పేజీ ఈ రెండు పనులూ చేస్తుంది. మన మాటల్లో మొదటిది గుమ్మం, రెండోది వసారా అనుకోవచ్చు.

గుమ్మాల సంగతి పాతబస్తీవాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. మొఘల్ సుబేదారు ముబారిజ్ ఖాన్ హయాంలో మొదలై అసఫ్‌జాహీల కాలంలో పూర్తయిన ప్రాకారం ఒకప్పుడు ఈ నగరాన్ని చుట్టి ఉండేది. దానికి పెద్ద ద్వారాలుండేవి, వాటిని దర్వాజాలన్నారు. మధ్యమధ్య చిన్న ద్వారాలుండేవి, వాటిని ఖిడ్కీలన్నారు. దర్వాజాలేమో ఏనుగులూ బండ్లూ పోయేంత పెద్దవి. ఖిడ్కీ మనిషి దూరేంత దారి. సైటు కట్టేవాళ్లు తమ తెలివంతా మొదటి పేజీ అనే పెద్ద దర్వాజా మీద ఖర్చుపెడతారు. రంగులు, కదిలే బొమ్మలు, పెద్దల ఫోటోలు అన్నీ అక్కడే. గూగుల్‌లో వెతికినవాళ్లు, వాట్సాప్‌లో లింకు వచ్చినవాళ్లు ఆ దర్వాజా మొహం కూడా చూడరు. నేరుగా లోపలి పేజీలో ఖిడ్కీ గుండా దిగుతారు. కాబట్టి లోపలి ప్రతి పేజీకీ "మీరు ఎక్కడున్నారు, పైన ఏముంది, పక్కన ఏముంది" అన్న ఆనవాలు ఉండాలి. ఈ ఒక్క జాగ్రత్త తీసుకుంటే మొదటి పేజీ సాదాసీదాగా ఉన్నా కొంప మునగదు.

మొదటి పేజీ గురించి అంతకంటే చెప్పాల్సింది పెద్దగా లేదు. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. దాని మొదటి పేజీలో "ఈ వారపు వ్యాసం", "మీకు తెలుసా", "చరిత్రలో ఈ రోజు" లాంటి అరలుంటాయి. పని మీద వచ్చినవాడికి వాటితో అవసరం ఉండదు. ఊరికే వచ్చినవాడికి కాలక్షేపం, కొత్తగా రాయడానికి వచ్చినవాడికి ఉత్సాహం. మొదటి పేజీ అలా ఉత్సాహమిస్తే చాలు. అసలు బరువు మోసేవి లోపలున్నాయి.

వాటిలో అన్నిటికంటే తక్కువ గౌరవం దక్కేదాన్ని ముందు చూద్దాం. "లాల్‌దర్వాజా" అని వెతకండి. మనకు తెలిసింది సింహవాహిని మహంకాళి గుడి ఉన్న ఈ బస్తీ. అహ్మదాబాద్‌లోనూ లాల్ దర్వాజా ఉంది, అక్కడ సిటీ బస్సుల పెద్ద టెర్మినస్ ఉంది. ఉత్తరప్రదేశ్‌లోని జౌన్‌పూర్‌లో షర్కీ సుల్తానుల కాలం నాటి లాల్ దర్వాజా మసీదు ఉంది, 15వ శతాబ్దపు కట్టడం. ఒకే పేరు, మూడు ఊళ్లు. ఇలాంటి చోట కావలసిన పేజీకి తెలుగు వికీపీడియాలో "అయోమయ నివృత్తి" అని పేరు పెట్టుకున్నారు. పెట్టినవాళ్లెవరో గానీ మంచి పేరు పెట్టారు. ఆంధ్ర, తెలంగాణ గ్రామాల వ్యాసాలు వేలల్లో ఉన్న ఆ సైటుకు ఈ పేజీలు లేకపోతే ఒక్క రోజు గడవదు. కొత్తపల్లి అంటే ఏ కొత్తపల్లి? రామాపురం అంటే ఏ మండలం రామాపురం?

ఈ రకం పేజీకి మర్యాద ఒకటుంది. ఒక్కో పేరుకు ఒక్క వరస, ఆ వరసలో తేడా తెలిపే ఒక్క గుర్తు. గ్రామానికైతే మండలం, జిల్లా. గుడికైతే పేట. అంతకుమించి ఒక్క ముక్క రాసినా వచ్చినవాడి కన్ను తప్పిపోతుంది. ఇంకొకటి. వచ్చేవాళ్లలో చాలామందికి కావలసింది ఒకే అర్థమని తెలిసినప్పుడు మధ్యలో ఈ పేజీ పెట్టి వాళ్లను ఆపకూడదు. తెలుగులో "లాల్‌దర్వాజా" అని కొట్టినవాణ్ణి నేరుగా హైదరాబాద్ పేజీకి పంపి, పైన చిన్న అక్షరాల్లో "అహ్మదాబాద్‌లోని ప్రాంతం కోసం ఇక్కడ చూడండి" అంటే సరిపోతుంది. గుజరాతీలో అయితే ఇదే తలకిందులవుతుంది. పేజీ ఎంపికలో పుస్తకాల్లో దొరికే నియమం కంటే ఎవరు వస్తున్నారన్న లెక్క ముఖ్యమని ఇక్కడే తెలిసిపోతుంది.

రెండో రకం జాబితా పేజీ. వందలాది వస్తువులు, అన్నీ ఒకే జాతివి. దీన్ని అర్థం చేసుకోవాలంటే చార్మినార్ దాకా నడిచి లాడ్ బజార్‌లో ఏదో ఒక గాజుల దుకాణం ముందు కాసేపు నిలబడండి. 2024లో భౌగోళిక గుర్తింపు దక్కిన లక్క గాజులు అక్కడ గోడ నిండా ఉంటాయి. ఎవరైనా వస్తే దుకాణదారు మొదట రంగు అడగడు, ధర అడగడు. "సైజు?" అంటాడు. రెండు-నాలుగా, రెండు-ఆరా, రెండు-ఎనిమిదా. రెండు-నాలుగంటే గాజు లోపలి కొలత రెండంగుళాల మీద నాలుగు పదహారో వంతులు. చెప్పలేకపోతే చెయ్యి చూస్తాడు. సైజు తేలాక చీర రంగు, ఆ తర్వాత రాళ్లు ఉండాలా వద్దా, చివరికి ధర. ఈ వరస ఊరికే రాలేదు. రంగు కాస్త అటూ ఇటూ అయినా సర్దుకోవచ్చు. సైజు తప్పితే గాజు చేతికెక్కదు, ఎక్కినా దిగదు. సర్దుకోలేని దాన్నే ముందడగాలి.

జాబితా పేజీ మీద ఫిల్టర్లు పెట్టేటప్పుడు పాటించాల్సిందంతా ఆ దుకాణంలోనే ఉంది. కాలేజీల జాబితాలో సర్దుకోలేనిది కోర్సు. అద్దె ఇళ్లలో అయితే ఊరు, ఆపైన అద్దె. గాజుల దుకాణదారు ఇంకొక పని కూడా చేస్తాడు. "రెండు-రెండులో నెమలి పచ్చ లేదమ్మా" అని పెట్టె తెరవకముందే చెప్పేస్తాడు. మన సైట్లలో నాలుగు ఫిల్టర్లు నొక్కాక "ఫలితాలు లేవు" అన్న తెల్ల కాగితం ఎదురవుతుంది. ఏ గడిలో ఎన్ని ఉన్నాయో పక్కనే అంకె వేస్తే ఆ బాధ తప్పుతుంది.

ఒకే వస్తువును అనేక ముఖాల నుంచి చూసి వర్గీకరించే ఈ ఊహ కంప్యూటర్లతో పుట్టలేదు. మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో పనిచేసిన ఎస్.ఆర్. రంగనాథన్ 1933లో కోలన్ వర్గీకరణను అచ్చు వేశారు. ఒక పుస్తకాన్ని ఒకే బీరువాకు కట్టిపడేయకుండా వ్యక్తిత్వం, పదార్థం, శక్తి, స్థలం, కాలం అనే ఐదు ముఖాలతో గుర్తించవచ్చని తర్వాతి కూర్పుల్లో అన్నారు. ఆన్‌లైన్ దుకాణంలో ఎడమ పక్క టిక్కు పెట్టే గడులు కనిపించినప్పుడల్లా నాకు ఆయన గుర్తొస్తారు.

అయితే పది పన్నెండు వస్తువులకు ఫిల్టర్లు అక్కర్లేదు. వాటికి మామూలు జాబితా చాలు, అక్షర క్రమంలో పెట్టినా తప్పులేదు. అక్షర క్రమానికి ఒకటే షరతు, వచ్చినవాడికి పేరు తెలిసి ఉండాలి. మన తల్లీకొడుకులకు తెలియనిది అదే కదా.

వాళ్ల దగ్గరికే వద్దాం. వాళ్లకు కావలసింది మెట్ల పేజీ. ఒక పనిని మొదటినుంచి చివరిదాకా, ఏది ముందు ఏది వెనుక అని వరసగా చెప్పే పేజీ అది. బ్రిటన్ ప్రభుత్వం 2012 అక్టోబరులో తన పాత సైట్లను కలిపి గవ్ డాట్ యూకే అని ఒకటి తెరిచింది. అందులో 2018లో ఈ మెట్ల పేజీలు తెచ్చారు. "కారు నడపడం నేర్చుకోండి" అన్నది వాటిలో పేరుపడ్డది. అర్హత చూసుకోవడం, తాత్కాలిక లైసెన్సు, శిక్షణ, రాత పరీక్ష, రోడ్డు పరీక్ష. ఈ పనులకు సంబంధించిన పేజీలు అంతకుముందూ ఉన్నాయి, విడివిడిగా. కొత్తగా చేసిందల్లా వాటిని ఒక దారానికి గుచ్చడం. ఏ కార్యాలయం పేజీ అన్నది చదివేవాడికి పట్టదు, తర్వాతి మెట్టు ఎక్కడన్నదే పడుతుంది.

మన దగ్గర కూడా దీనికి సగం పునాది ఎప్పుడో పడింది. 2011 నవంబరులో మొదలైన మీసేవ తన సేవలను రెండు కేటగిరీలు చేసింది. కంప్యూటర్‌లో అప్పటికే ఉన్న రికార్డు నకలును కౌంటర్ దగ్గరే పావుగంటలో చేతిలో పెట్టేవి "ఏ". అధికారి విచారించి, సంతకం పెట్టాక వచ్చేవి, అంటే కొత్త ఇన్‌కం, క్యాస్ట్ సర్టిఫికెట్ల లాంటివి "బీ". నా దృష్టిలో ఇది శాఖల వారీ విభజన కంటే ఎంతో తెలివైన విభజన. ఎందుకంటే ఇది జనం అడిగే ప్రశ్నకు జవాబు: ఇప్పుడే వస్తదా, మళ్లా రావాలా? ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు దరఖాస్తు చేసేవాడికి మెట్ల పేజీ రాస్తే మొదటి మెట్టు మీద "బీ" రకం పత్రాలుండాలి. వాటికి రోజులు పడతాయి గనుక ముందు వాటిని కదిలించి, మిగతావి ఆ తర్వాత చూసుకోవాలి. ఆ వరస తెలియక చివరి తేదీకి రెండు రోజుల ముందు కౌంటర్ మీద పడేవాళ్లే జిరాక్స్ దుకాణంలో ఎక్కువ.

ఈ రకం పేజీకి ఉన్న బలహీనత కూడా చెప్పాలి. వరస ఉన్న పనికే ఇది పనికొస్తుంది. నల్లా బిల్లు కట్టడం, ఆస్తిపన్ను కట్టడం, కరెంటు పోయిందని చెప్పడం, వీటి మధ్య ముందూ వెనుకా లేదు. అంకెలు బాగుంటాయని వాటిని కూడా ఒకటి, రెండు, మూడు అని మెట్లెక్కిస్తే చదివేవాడు నల్లా బిల్లు కట్టందే ఆస్తిపన్ను కట్టకూడదేమో అనుకుంటాడు.

ఇక నాకు బొత్తిగా గిట్టని రకం. "విద్యార్థులకు", "మహిళలకు", "వృద్ధులకు", "రైతులకు" అని నాలుగు బొమ్మలు పెట్టి, "మీరెవరు?" అని అడిగే పేజీ. చూడ్డానికి ఎంతో ఆదరంగా ఉంటుంది. వరుసలో నా ముందున్న ఆవిడను ఆ పేజీ ముందు నిలబెట్టండి. ఆవిడ మహిళ. పని కొడుకుది, వాడు విద్యార్థి. సర్టిఫికెట్ ఇచ్చేది రెవెన్యూ శాఖ, ఆదాయం చూసేది భర్తది. ఏ బొమ్మ నొక్కాలి? మహిళలకు అన్నది నొక్కితే కుట్టుమిషన్ల పథకం వస్తుంది. మనుషులను వాళ్ల వయసుతో, లింగంతో విడగొట్టినంత మాత్రాన వాళ్ల పనులు విడిపోవు. రెండు గుంపులకు ఉమ్మడి అవసరాలేవీ లేనప్పుడే ఈ రకం నప్పుతుంది. ఆసుపత్రి సైటులో రోగులకొక దారి, ఉద్యోగాలకు దరఖాస్తు చేసే నర్సులకొక దారి అంటే అర్థముంది.

కాలాన్ని బట్టి వెలిగే పేజీలు ఇంకో రకం. ఇక్కడ లాల్‌దర్వాజా వాళ్లకు నేను చెప్పగలిగిందేమీ లేదు, వాళ్ల పండుగే పాఠం. ఆషాఢంలో బోనాలు గోల్కొండలో మొదలై, సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి మీదుగా లాల్‌దర్వాజాకు వస్తాయి. 2014లో తెలంగాణ వచ్చాక రాష్ట్ర పండుగ అయింది. 2024లో లాల్‌దర్వాజా బోనాలు జులై 28న జరిగాయి. 2025లో జులై 20న. సికింద్రాబాద్‌వి ఆ ఏడాది 13న. రెండూ ఆదివారాలే, రెండు గుళ్లలోనూ మహంకాళే. ఈ తేడా పేజీ మొదట్లోనే కొట్టొచ్చినట్టు చెప్పకపోతే కరీంనగర్ నుంచి బయలుదేరిన చుట్టాలు వారం ముందో వెనకో దిగుతారు.

చాలామంది చేసే పొరపాటు ఏటా ఏడాది అంకె తగిలించి కొత్త పేజీ తెరవడం. "బోనాలు 2024" అని ఒకటి, "బోనాలు 2025" అని ఇంకొకటి. 2024లో వాట్సాప్‌లో పంపుకున్న లింకు మరుసటి ఏడూ తెరుచుకుంటుంది, అందులో 28 అని ఉంటుంది. దాన్ని నమ్మి 2025లో జులై 28న వస్తే ఘటం ఊరేగింపు దాటి వారమై ఉంటుంది. దానికి బదులు "బోనాలు" అని శాశ్వతమైన చిరునామా ఒకటే ఉంచి, లోపల తేదీలు మార్చుకుంటూ, గడిచిన ఏళ్లవి కిందికి దించాలి. ఆ పేజీలోనే ఇంకో పొందిక కావాలి. జులైలో వచ్చేవాడికి తేదీ, ట్రాఫిక్ మళ్లింపు, బండి ఎక్కడ ఆపాలన్నది కావాలి. డిసెంబరులో వచ్చేవాడికి కథ కావాలి. 1908 సెప్టెంబరులో మూసీ ముంచెత్తినప్పుడు అప్పటి నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఈ అమ్మవారికి మొక్కుకున్నారని చెప్పుకునే కథ, రంగం, పోతురాజు, ఫలహారం బండి. రెండూ ఒకే పేజీలో ఉండొచ్చు. జులైలో మొదటిది పైకి రావాలి, తర్వాత కిందికి పోవాలి. ఏడాది పొడవునా ఒకే అమరిక పట్టుకుని కూర్చోవడం దేనికి?

ఇంతదాకా వచ్చాక ఒక హెచ్చరిక లాంటిది చెప్పక తప్పదు. ఓవర్‌వ్యూ పేజీ కట్టడం సులభం, పోషించడం కష్టం. ఇంగ్లీషు వికీపీడియాలో "పోర్టళ్లు" అని విషయాల వారీ ముంగిలి పేజీలున్నాయి. ఎంతో అందంగా కట్టినవే, కానీ చూసేవాళ్లు తక్కువ, సరిచేసేవాళ్లు ఇంకా తక్కువ. 2018లో వాటన్నిటినీ ఎత్తేద్దామన్న ప్రతిపాదన పెద్ద చర్చకు వచ్చి వీగిపోయింది. ఆ ఊపులో కొందరు పనిముట్ల సాయంతో వేలకొద్దీ కొత్త పోర్టళ్లు పుట్టించారు. 2019లో వాటిని వేలల్లోనే తుడిచేయాల్సి వచ్చింది. అదే సైటులో వర్గాల పేజీలు మాత్రం నిలబడ్డాయి. వ్యాసం అడుగున వర్గం పేరు చేరిస్తే చాలు, జాబితా దానంతట అదే పెరుగుతుంది. చూపుకు పేలవంగా ఉన్నా బతికి ఉండే పేజీ అది. సైటు చూసుకోవడానికి మీ దగ్గర ఒకరే ఉంటే వర్గాల వైపు మొగ్గండి. చేత్తో తీర్చిదిద్దే పేజీలు రెండో మూడో, వాటిని చూసే మనిషి పేరు ముందే రాసుకుని కట్టండి.

సరే, ఏ రకం ఎక్కడ నప్పుతుందో తేల్చుకునేదెలా? కార్యాలయంలో కూర్చుని వాదించుకుంటే తేలదు. చవకైన పద్ధతి ఒకటుంది, కార్డ్ సార్టింగ్ అంటారు. సైటులోని పనుల పేర్లు నలభై చీటీల మీద రాయండి. శాఖ పేరు రాయొద్దు, పని రాయండి. ఆ చీటీలను బయటివాళ్ల ముందు పోసి, కలిసిపోయేవాటిని కుప్పలు చేయమనండి. ప్రతి కుప్పకూ వాళ్ల నోటి మాటతోనే పేరు పెట్టమనండి. పదిహేను మందితో చేస్తే సరిపోతుందని ఈ రంగంలో పేరున్న జేకబ్ నీల్సన్ 2004లో రాశారు. నేనొకసారి ఇంట్లోనే, చుట్టాలతో, ఇలా చేయించాను. మా అక్క "మ్యారేజ్ సర్టిఫికెట్", "పాస్‌పోర్ట్", "పేరు మార్పు" చీటీలు కలిపి పక్కన పెట్టింది. ఈ మూడింటికీ సంబంధమేమిటని అడిగాను. "పెండ్లయినంక అమెరికా పోయెటోళ్లకు" అంది. ఏ శాఖా ఆ కుప్పను ఊహించి ఉండదు. అది మెట్ల పేజీకి సరిపోయిన తలకట్టు.

చివరికి పేర్ల సంగతి. లాల్‌దర్వాజా, లాల్ దర్వాజ, లాల్‌దర్వాజ అని మనం ఎన్ని రకాలుగానో రాస్తాం. ఏది కొట్టినా ఒకే పేజీకి చేరాలి. తెలుగు వికీపీడియాలో దీన్ని "దారిమార్పు" అంటారు. పేజీ పేరు మార్చినా, రెండు పేజీలు కలిపేసినా, పాత చిరునామా దగ్గర దారిమార్పు వదిలి వెళ్లాలి. సైటుకు కొత్త రూపు ఇచ్చామని పండుగ చేసుకునేవాళ్లు ఎక్కువగా మరిచేది ఇదే. పాత లింకులన్నీ ఒక్క రాత్రిలో గోడలైపోతాయి.

నగర ప్రాకారం చాలామటుకు ఎప్పుడో పోయింది. దబీర్‌పురా దర్వాజా, పురానాపూల్ దర్వాజా రెండే మిగిలాయి. లాల్‌దర్వాజా లేదు. అయినా శాలిబండ దాటాక కండక్టర్ "లాల్‌దర్వాజా మోడ్, దిగేటోళ్లు ముందలికి రాండ్రి" అని కేకేస్తాడు. బస్సు ఆగుతుంది. దిగినవాళ్లలో ఎవరూ దర్వాజా ఏదని వెతకరు. సంచులు సర్దుకుని ఎవరి గల్లీ వైపు వాళ్లు నడుస్తారు.